తాడు పట్టే చెయ్యి

ఎనభై ఆరు వరద తర్వాత గోదారి మళ్లీ ఏటిగట్టు అంచుదాకా వచ్చింది రెండు వేల ఇరవై రెండులో. మా లంకంతా నీళ్లలో ఉంది. మమ్మల్నందరినీ గట్టవతల బడిలో పెట్టారు. అక్కడ నేను వీరుణ్ణయిపోయాను.

పొయ్యి మీద అన్నం గుండిగ పొంగుతోంది. దించడానికి ఆడవాళ్లు మసిగుడ్డ వెతుక్కుంటుంటే, నేను వట్టి చేతులతో దించేశాను. "సత్తియ్యవి ఇనపచేతులు" అన్నారు. మీసం సవరించుకున్నాను. వేళ్లు బొబ్బలెక్కిన సంగతి మా ఆవిడ వీరవేణి చూపిస్తే గాని తెలియలేదు.

ఆశా కార్యకర్త అశ్విని మా లంక పిల్లే. బొబ్బలకి మందు రాస్తూ నా మోచేతి దగ్గర మచ్చ చూసింది. కళ్లు మూసుకోమంది.

"ఎక్కడ ముట్టుకున్నానో చెప్పండి తాతగారండి."

"ముందు ముట్టుకో, చెబుతాను" అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. కళ్లు తెరిచి చూస్తే మచ్చ మీద దూది ఉంది.

వరద తీశాక ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరుగారు కుష్టు అన్నారు. మావాళ్లు ఆ పేరు పలకరు, పెద్దరోగం అంటారు. నేను బతుకులో దేంట్లోనూ పెద్దవాణ్ణి కాలేదు, దీంట్లో అయ్యాను. మందు వాడితే పోతుందట. మందు మొదలెట్టాక ఎవరికీ అంటదట. మొద్దుబారిన వేళ్లు మాత్రం బాగుపడొచ్చు, పడకపోవచ్చు అన్నారు.

వేళ్ల మాట వినగానే నాకు వేరే సంగతి వెలిగింది. మా పనిలో వెనక ఒకడు తెడ్డు వేస్తాడు. ముందు కూర్చున్నవాడు వల తాడు వేళ్ల మీద వేసుకుంటాడు. పడవ ఏటివాలున పోతుంటే, పులస వచ్చి వలకి తగిలిందంటే ఆ అదురు తాడులో తెలుస్తుంది. ఆ ముందు చోటు మా నాన్నది, ఆయన తర్వాత నాది. రెండేళ్లుగా నాకు తాడులో ఏమీ తెలియడం లేదు. ఏట్లో పులసలే లేవన్నాను. పోలవరం కట్టడం వల్లన్నాను. సముద్రంలో గ్యాసు తవ్వేవాళ్ల వల్లన్నాను. మామూలుగా నోరు విప్పని నేను టీకొట్టు దగ్గర ఉపన్యాసాలిచ్చాను. తీరా చూస్తే పులసలు నా వేళ్ల కిందనుంచే దర్జాగా వెళ్లిపోయాయన్నమాట.

"ఇంట్లోవాళ్లకీ, దగ్గరగా మెలిగేవాళ్లకీ ఓ మాత్ర వెయ్యాలండి. పడవలో మీతో ఎవరుంటారు?" అని అశ్విని అడిగింది.

"ఎవరూ ఉండరు. ఒక్కణ్ణే."

అటు తాడు పట్టి ఇటు తెడ్డు వేసే మనిషిని గోదారి ఇంతవరకు చూడలేదు. అశ్విని వాళ్ల నాన్నా వల వేసేవాడే. అయినా ఆ పిల్ల నేను చెప్పినట్టే రాసుకుంది.

నాతో ఉండేది జానకిరామ్, వీరవేణి తమ్ముడు. ఇద్దరం ఒకే గిన్నెలో చద్దన్నం తింటాం. నా చిన్నప్పుడు ఈ జబ్బు వచ్చినాయన్ని మావాళ్లు మళ్లీ పడవెక్కనివ్వలేదు. గట్టు మీద కూర్చుని వచ్చేపోయే పడవలు చూస్తూనే పోయాడు. జానకిరామ్‌కి తెలిస్తే నాకూ ఆ గట్టే గతి అనుకున్నాను.

అంటదని డాక్టరుగారు చెప్పినా నా బుర్రకెక్కలేదు. కలిసి తినడం మానాలి, ఎందుకో చెప్పకూడదు. కోరుకొండ స్వామికి మొక్కుకున్నాను, శనివారం ఉపవాసం అన్నాను. తర్వాత మిగతా వారాలూ కలిపేశాను.

"బావా, శనివారమన్నావు. ఇయ్యాల మంగళారం. స్వామికి నీ మీద ఏంటంత పగ?"

"పెద్ద మొక్కు."

"అక్క బొమ్మిడాల పులుసెట్టింది. పోనీ వాసన చూడు, స్వామేమీ అనడులే."

వాసనకే నా కడుపు అరిచిన అరుపు పడవ వెనక్కి వినపడేది. రేవు చేరాక టీకొట్టు చాటున నిలబడి బజ్జీలు తినేవాణ్ణి. పెద్దరోగానికి తోడు గ్యాసు పట్టుకుంది.

మందుకి ఒళ్లు నల్లబడుతుందన్నారు. నాలో ఇంకా నల్లబడటానికి చోటెక్కడుందో డాక్టరుగారికే తెలియాలి. నెలకోసారి వేసే మాత్రలకి మూత్రం ఎర్రగా వస్తుంది. రెండో నెల ఆ మాత్రలు వేసుకున్న రోజు పడవ అంచున నిలబడ్డాను. ఏట్లో ఎర్రనీరే కదా, కలిసిపోతుందనుకున్నాను.

"ఎర్రగా వస్తందా బావా?" వెనకనుంచి జానకిరామ్ అడిగాడు. "కంగారు పడకు. నాకూ అలాగే వచ్చింది."

"నీకెందుకొచ్చింది?"

"అశ్విని మాత్ర మింగించింది కదా. నువ్వు ఆసుపత్రి నుంచొచ్చిన రోజే అక్క మొత్తం చెప్పేసింది."

నేను లుంగీ సర్దుకుని కూర్చున్నాను.

"మరి నువ్వు అనలేదేంట్రా?"

"నువ్వే చెబుతావని చూస్తన్నా. ఉపవాసాలతో చచ్చేలా ఉన్నావు గాని నోరిప్పేలా లేవు."

"అయితే పడవ దించేస్తావా?"

"ఎక్కడ దించను, ఏటి మజ్జిలోనా?" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, తెడ్డు నీళ్లలోంచి పైకి తీశాడు. "దిగమనను బావా. ముందు చోటు నుంచి మాత్రం లే. తాడు నాకియ్యి. రెండేళ్లుగా మొహమాటానికి ఊరుకున్నాను. నువ్వు తిట్టిన తిట్లకి పోలవరంలో ఎంతమందికి పొలమారిందో."

నేను తాడు ఇవ్వలేదు. రేవు వచ్చేదాకా ఏమీ తెలియని వేళ్లతో దాన్ని పట్టుకునే కూర్చున్నాను. మధ్యలో ఓసారి, పులస తగిలినట్టు తల కూడా ఊపాను. జానకిరామ్ మర్యాదస్తుడు, చూడనట్టు ఊరుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే, అతనికన్నా ముందు రేవుకెళ్లాను. చెయ్యి ఒరుసుకుపోకుండా అశ్విని చెప్పినట్టు తెడ్డు పిడికి పాత లుంగీ గుడ్డ చుట్టాను. పడవ వెనక కూర్చున్నాను. జానకిరామ్ వచ్చి, నన్నోసారి చూసి, ముందుకెళ్లి తాడు వేళ్ల మీద వేసుకున్నాడు. ఎండెక్కాక గిన్నె మూత తీశాడు.

"ఇయ్యాల ఏ దేవుడు బావా?"

గిన్నెలో చెయ్యి పెట్టాను. పులుసులో ఉన్న ఒక్క చేప తలకాయా నేనే తీసుకున్నాను.