పెట్టుడు మందు

అన్నంలో మొదటి ముద్ద నేనే తినాలి. నేను మింగేదాకా మా మామ మాసయ్య నా నోరే చూస్తాడు. ఆ తర్వాతే గిన్నె దగ్గరికి లాక్కుంటాడు.

ఇదంతా డాక్టరు అన్న ఒక్క మాటతో వచ్చింది. కిడ్నీలు పాడైన మామకు డయాలిసిస్ చేయిస్తున్నా ఒంటి దురద తగ్గడం లేదంటే, "కడుపులో తయారయ్యే విషం రక్తంలో కలుస్తోంది, మిషన్‌తో అది పూర్తిగా పోదు" అన్నాడాయన. మా వైపు కడుపులో విషం అంటే ఒకటే అర్థం, ఎవరో అన్నంలో పెట్టుడు మందు కలిపారని. ఇంట్లో వండేది నేనొక్కదాన్నే. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా?

మామ కుదురుగా కూర్చోడు. మగ్గం గుంటలో కాళ్లు పెడతాడు, వెంటనే లేస్తాడు, వీపు గోడకు రుద్దుకుంటాడు. పట్టించుకోకు అంటాడు నా భర్త ఉమేష్. మామ తొంగిచూసేది అతని నోట్లోకి కాదు కదా.

ఈ రోజు పొద్దున్నే మామ చొక్కా తొడుక్కున్నాడు.

"మిషిన్ కాడికేనా మామ?"

"కాదు. వడ్డేపల్లికి పోతున్న. ఆడ పసరు తాపి మందు కక్కిస్తరంట."

గుక్కెడు నీళ్లు ఎక్కువైతేనే ఆయాసపడే మనిషి. మిషన్ మానేసి చెంబెడు పసరు తాగితే దక్కుతాడా?

"పోదువుగాని. ముందుగాల దవాఖానకు పోదం. మందు ఎవలు పెట్టిండ్రో డాక్టర్‌నే అడుగు. నా పేరు చెప్తే నేనే నిన్ను వడ్డేపల్లికి తోల్కపోత," అన్నాను. అది భయం కాదు, కోపం.

దవాఖానలో మామ సూటిగానే అడిగాడు. "విషం ఎవలు పెట్టిండ్రు సారు?"

డాక్టరు నా ముఖం చూసి, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఎవరూ పెట్టలేదు పెద్దాయనా. అందరి పేగుల్లోనూ కంటికి కనపడని క్రిములుంటాయి. తిన్నదాంట్లో మిగిలింది అవి తిని విషం వదులుతాయి. కిడ్నీలు బాగుంటే అది మూత్రంలో పోతుంది. మీకు పోయే దారి లేదు. విరేచనం సాఫీగా కాకపోతే ఇంకా పెరుగుతుంది."

"నీ కడుపుల గూడ ఉన్నదా?"

"ఉంది."

"మా కోడలు కడుపుల?"

"ఆమెకూ ఉంది."

మిషన్ దగ్గర పడుకున్నంతసేపూ మామ పైకప్పే చూశాడు, నావైపు చూడలేదు. నాకూ పలకరించాలనిపించలేదు.

అయిపోయాక, ఇంటి నుంచి తెచ్చిన అన్నం డబ్బా మూత తీశాను. అలవాటుగా ముద్ద కలిపి నా నోటి దగ్గరికి తెచ్చుకున్నాను. మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు బిడ్డ. నాకు పెట్టు."

అప్పుడొచ్చింది ఏడుపు. ఏడుస్తూనే పెట్టాను.