పైడమ్మను పడేసిన గీజరు

నేను ఒక గీజరును. పదిహేను లీటర్ల పొట్ట, తెల్లటి ఒళ్లు, ముందు చిన్న ఎర్రదీపం. నా కథ చెప్పుకోవాలంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. అయినా చెప్తాను, వినండి.

విజయనగరంలో సన్యాసిరావుగారు నన్ను కొన్నది కూతురు లావణ్య పురుడు కోసం, కొన్ని నెలల ముందే. బాలింతకూ పసిదానికీ పూటపూటా వేన్నీళ్లు కావాలి కదా! ఆయన ముప్పై ఏళ్లు లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. అలాంటాయన నన్ను బిగించడానికి ఇంకొకణ్ణి పిలుస్తాడా? పరువు పోదూ! తనే నిచ్చెనెక్కి గోడకు గట్టిగా బిగించాడు. దానికి వంక పెట్టలేను. కారిన కరెంటును భూమిలోకి దింపే ఎర్తు గొయ్యి ఆ ఇంట్లో లేదు. అందుకని పాత అలవాటు కొద్దీ నా ఎర్తు తీగను పక్కనున్న ఇనుప నీళ్లగొట్టానికి చుట్టేశాడు. గొట్టం ఎలాగూ భూమిలోకే పోతుందని ఆయన ధీమా. రెండేళ్ల కిందట గోడలోని గొట్టాలన్నీ తీయించి ప్లాస్టిక్‌వి వేయించింది ఆయనే! బయట మిగిలింది కుళాయి బిగించిన జానెడు ఇనుప ముక్కే, దానికి భూమితో పొత్తే లేదు. ఆ సంగతి ఆయనకు గుర్తే రాలేదు.

లావణ్యకు ఆడపిల్ల పుట్టేసరికి బోరునీళ్ల ఉప్పు నా లోపల నీళ్లు కాచే కాయిల్‌ను తినేసింది. కరెంటు మెల్లగా నా ఒంట్లోకి, అక్కణ్ణుంచి కుళాయిలోకి పాకింది. అది ముందుగా తెలిసింది పైడమ్మకు. ఆ వీధిలో పసిబిడ్డలకు నీళ్లు పోసేది ఆమే.

“కుళాయి ముట్టుకుంటే సెయ్యి సిమసిమలాడతంది బావూ,” అంది.

“కరెంటుతో కాపురం చేసినవాణ్ణి, నాకు చెప్తావేటి? నీ నరాల్లో పస తగ్గింది. డాక్టరుకి చూపించుకో,” అన్నాడాయన. జేబులోనే టెస్టరుంది. తీయలేదు. నాకా నోరు లేదు. ఉన్న ఎర్రదీపం ఏమీ ఎరగనట్టు వెలుగుతూనే ఉంది.

ఆమె ఆ మాట చెప్పిన నాలుగో రోజు లావణ్య బిడ్డను అందించబోయింది. “ఆగు తల్లీ, ముందు సూడనీ,” అని పైడమ్మ కుళాయి తిప్పింది. అంతే! విసిరేసినట్టు వెళ్లి గోడకు కొట్టుకుంది. కుడి మణికట్టు విరిగింది. బిడ్డ ఆమె చేతిలో ఉండి ఉంటేనా… వద్దు, ఆ మాట అనలేను.

సన్యాసిరావుగారు స్విచ్చు కట్టేసి, తీగ వెంట చూపు పోనిచ్చి, ఆ జానెడు ముక్క దగ్గర ఆగిపోయాడు. ముఖం పాలిపోయింది. అయినా ఆసుపత్రిలో అడిగినవాళ్లందరికీ “కాలు జారి పడింది,” అని చెప్పాడట. పైడమ్మ కాదనలేదట.

నన్ను ఊడదీసి వసారాలో పడేశారు. ఈసారి ఆయన తెలిసిన కుర్ర ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాడు. ముందు ఎర్తు గొయ్యి తవ్వించాడు. కరెంటు ఏ కాస్త కారినా దానంతటదే ఆగిపోయే స్విచ్చు పెట్టించాడు. ఆ తరువాతే కొత్త గీజరు వచ్చింది.

బారసాల నాడు పైడమ్మ కట్టుతోనే వసారాలోకి వచ్చింది. “తడినేల మీద చూసుకుని నడవొద్దటే?” అని ఓ చుట్టం నవ్వింది. సన్యాసిరావుగారు లేచి నిలబడ్డాడు.

“ఆవిడ జారలేదు. చెప్తే నేను వినలేదు. నా తప్పు వల్లే పడింది.”

పైడమ్మ కళ్లొత్తుకుంది. “ఈ మాట ఆస్పత్రిలో అనుంటే బాగుండును బావూ,” అంది.

నేనిప్పుడు ఆ వీధి చివరి పాతసామాన్ల కొట్లో ఉన్నాను. కట్టు విప్పి చాలా రోజులైందట, పైడమ్మ చెయ్యి మాత్రం మునుపటిలా తిరగడం లేదు. జారే పసిబిడ్డను పట్టుకోవడానికి ఆమెకే భయం. పొద్దున్నే ఎక్కడో పసిపిల్ల ఏడుపు వినపడితే ఆ వైపు చూస్తూ కాసేపు నిలబడుతుంది. ఇప్పుడు ఆ వీధిలో నీళ్లు పోయడానికి వేరే మనిషి వస్తోంది.