శెట్టిగారి కోటలో నెత్తుటి మరక

నేను గోడలో కట్టిన ఒక చలిమంట గూడును, దొరల భాషలో ఫైర్‌ప్లేసును. అదీ గుంటూరులో! నవ్వండి, ఫర్వాలేదు. పుట్టినప్పటి నుంచి నన్ను చూసి నవ్వనివాళ్లు తక్కువ.

నన్ను కట్టించింది పొగాకు వ్యాపారి గ్రంధి పానకాలు శెట్టిగారు. సరుకు అమ్మడానికి ఇంగ్లండు సీమకు వెళ్లి, అక్కడెవరో దొరగారి కోటలో చలి కాచుకుని వచ్చారు. అంతే, పిచ్చి పట్టుకుంది. ఇక్కడా బురుజులు లేచాయి, రంగుటద్దాల కిటికీలు వచ్చాయి, హాలు గోడ మధ్య పాలరాతితో నేను వెలిశాను. గృహప్రవేశం మే నెలలో. విందుకొచ్చిన దొరలకు మర్యాద తక్కువ కాకూడదని నాలో మంట వేయించారు. పాపం దొరలు! సూపు గిన్నెలు వదిలేసి తోటలోకి పరుగు తీశారు.

వారం తిరిగాక ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు బూడిద ఎత్తించి, నా కడుపులో చెయ్యి పెట్టి చూశారు.

"అమ్మయ్యో, ఎంత చల్లగా ఉందో! ఇలాంటి చోట మంటేస్తారా ఎవరైనా?" అంటూ కొత్తావకాయ జాడీ తెచ్చి పెట్టారు.

ఆమె ఉన్నన్నాళ్లూ ప్రతి వేసవికీ జాడీ నా దగ్గరికే వచ్చేది. అంచుల మీంచి కారిన నూనె నా పాలరాతిలో ఎర్రగా ఇంకిపోయింది. నాకు అంతకన్నా భోగం ఏం కావాలి?

ఇప్పుడు ఈ కోట చూడ్డానికి టికెట్టు. తిప్పి చూపించేవాడు ధనుంజయ. వాడి నోటికి అడ్డూ అదుపూ లేదు.

"ఈ మరక చూశారా? నెత్తురు! శెట్టిగారు గుమాస్తాను ఇక్కడే నరికించాడు" అంటాడు.

జనం అమ్మో అంటూనే ఫోటోలు తీసుకుంటారు. చీమకైనా హాని తలపెట్టని మనిషిని హంతకుణ్ణి చేశాడు కదా! ఇంత పెద్ద నోరు పెట్టుకుని ఒక్క ముక్క చెప్పలేకపోతున్నానే అని ఎంత కుమిలిపోయానో.

మొన్న సత్తెనపల్లి బస్సులో ఒక గుంపు దిగింది. నెత్తురనగానే అందరూ వెనక్కి జరిగితే, ఒక పెద్దావిడ మాత్రం ముందుకు వంగింది.

"నెత్తురు ఇంత గుండ్రంగా కారుద్దా బాబూ? ఇది జాడీ అడుగు. మా అటక మీదా ఇదే మరక."

ధనుంజయ గొంతు తగ్గించాడు. "ఊరుకోండి పిన్నిగారూ. ఆవకాయంటే టికెట్టు ఎవరు కొంటారు?"

"అందుకని పోయినాయనకి హత్య అంటగడతావా? నీ నోటికి మంచి మాటే రాదా?"

నా ప్రాణం లేచొచ్చింది. ఇంతలో తర్వాతి గుంపు లోపలికొచ్చింది. ఆవిడ బయటికి పోలేదు, గుమ్మం దగ్గర ఆగి చూస్తోంది.

"ఇక్కడే శెట్టిగారు గుమాస్తాను..." అని మొదలెట్టిన ధనుంజయ ఆవిడ వంక చూసి మాట మార్చాడు. "...గుమాస్తాను కూర్చోబెట్టి ఆవకాయన్నం పెట్టేవారు!"

అదీ పూర్తి నిజం కాదు. పెట్టింది ఆయన కాదు, రాజ్యలక్ష్మమ్మగారు. పోనీ లెండి. ఈసారి ఎవరూ ఫోటో తియ్యలేదు గానీ, గుంపులో నలుగురికి నోరూరింది. అదే పదివేలు.