అడగని ఫొటో

ఫొటో స్టూడియో ఆయన పరాయి దేశంలో శవం మెడలో గొలుసు తెంపుతూ పట్టుబడ్డాడని పక్కింటి పిన్ని వీధంతా చాటేసిందట. గొలుసు ఎన్ని కాసులో కూడా చెప్పిందట, తనే తూచి ఇచ్చినట్టు.

"ఆవిడ నోటికి తలుపుల్లేవక్కా, వదిలెయ్. బావెక్కడ?" అంది ఫోన్లో చెల్లెలు.

"పోలీస్ స్టేషన్లో" అంది అక్క. హోటల్ గదిలో మంచం అంచున కూర్చునుంది. పక్క గదుల్లో టూర్‌వాళ్ళు పెట్టెలు సర్దుకుంటున్న చప్పుడు. తెల్లారితే విమానం.

బయల్దేరిన దగ్గర్నుంచీ ఆయనది ఒకటే జాగ్రత్త. సంచి రొమ్ముకు తగిలించుకోమని గైడు అన్నాడని స్నానానికి తప్ప దించలేదు. పాస్‌పోర్టు లోపలి జేబులో పెట్టి కుట్టించుకున్నాడు. దారినపోయేవాడు నవ్వితే పక్కకు జరిగేవాడు. "నన్ను ముంచాలంటే ఈ ఊరు మళ్ళీ పుట్టాలే" అనేవాడు. తమవల్ల ఊరికి ఏమవుతుందన్నది ఇద్దరికీ తట్టలేదు. మనుషుల్ని తీసేముందు అడగాలని గైడు చెబితే మాత్రం నవ్వాడు: "ఫొటో సంగతి నాకా చెప్పేది?"

నిన్న హోటల్ వెనక సందులో ఒకింటి తలుపు బార్లా తీసుంది. లోపల మంచం మీద తెల్లగుడ్డ కప్పిన శవం, చుట్టూ నోరు మెదపని జనం. ఆయన కాళ్ళు ఆగిపోయాయి. సొంతూళ్ళో ఎవరు పోయినా ముందు కబురు ఆయనకే. గుడ్డ తొలగించి, తల కాస్త ఎత్తి, మొహాన వెలుతురు పడేట్టు తిప్పి ఆఖరి ఫొటో తీస్తాడు. పైసా పుచ్చుకోడు. అదే అలవాటున చెప్పులు విడిచాడు, చేతులు జోడించాడు. గుమ్మంలో ముసలాయన తలూపాడు. దండం పెట్టిన మనిషికి తలూపాడంతే. ఈయన సరేనన్నాడనుకున్నాడు. భార్య ఆయన సంచి అందుకుంది, ఎప్పట్లాగే.

గుడ్డ తీశాడు. చిన్నపిల్ల. కెమెరా ఒక్కసారి నొక్కాడు. ఆ తర్వాత ఆవిడకు గుర్తున్నవి ఒక అరుపు, కెమెరా గోడకు తగిలి పగిలిన చప్పుడు, ఆయన పళ్ళ మధ్య నెత్తురు.

"ఆ పిల్ల తల్లి సరేనంటే వదిలేస్తారమ్మా. లేదంటే కేసే. నెలలు పడుతుంది" అన్నాడు గైడు. మనవాడే, ఆ ఊళ్ళో స్థిరపడ్డవాడు. వాణ్ణి వెంటబెట్టుకుని ఆవిడ మళ్ళీ ఆ సందులోకి వెళ్ళింది.

మంచం ఖాళీగా ఉంది. పక్క ఇంకా ఎత్తలేదు. తల్లి కప్పులు కడుగుతోంది. వీళ్ళను చూసి కడగడం ఆపలేదు.

"మా ఆయనది దొంగబుద్ధి కాదమ్మా" అంది గడప బయటే నిలబడి. "మా ఊళ్ళో అది మర్యాద. పిల్ల మొహం కళ్ళముందు నిలిచిపోతుందని తీశాడు. షుగరు మనిషి, ఆ పోలీసు కొట్లో ఉండలేడు. నీ కాళ్ళు పట్టుకుంటా."

గైడు అది వాళ్ళ భాషలో చెప్పాడు. ఆవిడ వంగబోతే తల్లి తడిచేతులతో వెనక్కి జరిగింది. నాలుగు మాటలంది. గైడు నేల చూశాడు.

"ఏమంది? ఉన్నదున్నట్టు చెప్పు బాబూ."

"'ఆ గుడ్డ కప్పింది నేను. తీసేముందు నన్నడిగాడా?' అంటోందమ్మా."