కథ పాస్, మనిషి కన్సిడర్

ఆ కాగితం చెత్తబుట్ట పక్కన దొరికిందని ఒఫెలియా ముందే చెప్పింది. చెత్తబుట్ట పక్కన దొరికిన కాగితంలో శుభవార్త ఎందుకుంటుంది అని ఇద్దరిలో ఒక్కరైనా ఆలోచించి ఉంటే ఇంత గొడవ జరిగేదే కాదు. కానీ ఆశ పట్టిన మనిషికి ఆలోచన ఎక్కడేడుస్తుంది?

ఒఫెలియా ఒక సినిమా కంపెనీ ఆఫీసు ఊడ్చి తుడుస్తుంది. హెర్మీనియా కూతురికి జ్ఞానతల్లి కూడా. ఆ బాప్తిస్మం నాటి నుంచి ఇద్దరూ ఆ వరసన ఒకరినొకరు కొమాద్రె అనే పిలుచుకుంటారు. ఆ పొద్దున పని ముగించుకుని, చీపురు వాసన కూడా పోకుండానే హెర్మీనియా వంటింట్లోకి దూసుకొచ్చి ఫోన్ మొహం మీద పెట్టింది.

"చూడవే కొమాద్రె! నువ్వు పోస్టులో పంపిన సినిమా కథ మీద ఎవరో రాసిన రిపోర్టు. పైన నీ పేరే! ఫోటో తీసుకొచ్చా."

"ఒసేయ్, అది దొంగతనం కదే!"

"కాగితం అక్కడే ఉంది, ఫోటో నాది. ఇందులో దొంగతనమేముందీ? చదువు ముందు, నాకు గుండె ఆగేట్టుంది."

హెర్మీనియా చేతులు తుడుచుకుంది. యాభై రెండేళ్ళ మనిషి. సొంతూరు ప్వెబ్లా నుంచి లాస్ ఏంజలెస్ వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. అన్నేళ్ళూ ఒకే షాపులో సినిమావాళ్ళ దుస్తులు కుట్టింది. ఇంకో రెండేళ్ళు సూది పడితే చూపు దక్కదని కిందటేడు కంటి డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్న వారమే లైబ్రరీ గోడ మీద 'అమ్ముడుపోయే స్క్రీన్‌ప్లే రాయడం నేర్చుకోండి' అన్న ప్రకటన చూసి, శనివారం క్లాసులో చేరిపోయింది. ఎనిమిది నెలలు కూర్చుని ఒక కోటీశ్వరుడి ఇద్దరు కూతుళ్ళ కథ రాసింది. కోటీశ్వరుల ఇళ్ళలో ఆమె చూసిందల్లా గౌన్ల కొలతలు తీసే గది ఒక్కటే. అది వేరే సంగతి. ఈ కథ పోతే సూది తప్ప ఆమెకు ఇంకో దారి లేదు, ఆ సూది కూడా ఇంకెన్నాళ్ళో కాదు.

రిపోర్టులో సగం పేజీ చీమతలకాయలంత అక్షరాలు. హెర్మీనియా కళ్ళకు అవి ఆనలేదు, ఒఫెలియా ఓపికకు అవి ఆగలేదు. ఆ పేరా చివరి ప్రశ్న ఒక్కటి లావుగా ఉంది: 'ఎవరీ కుట్టుపని మనిషి?' అడుగున రెండే రెండు మాటలు పెద్దక్షరాల్లో ఉన్నాయి. కథ: పాస్. రచయిత: కన్సిడర్.

ఒఫెలియా కెవ్వుమంది. "పాస్! మా అబ్బాయి రోడ్రీగో లెక్కల్లో గట్టెక్కినప్పుడు బడివాళ్ళు పంపిన కాగితంలో ఇదే మాట! అయినా మన స్పానిష్ భాషలో మాత్రం? పాసె అంటే లోపలికి రండి అనే కదటే! తలుపు తీశారే తల్లీ!"

హెర్మీనియా కుర్చీలో కూలబడింది. ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. మేరీమాత పటానికి దణ్ణం పెట్టింది. ఆ తర్వాత రెండో మాట మీద చూపు పడింది.

"మరి ఈ కన్సిడర్ ఏంటే?"

"ఆలోచిస్తారట. కథ తీసుకున్నారు, నీ గురించే ఇంకా ఆలోచన."

"నా గురించి ఆలోచనేంటి? రాసింది నేనైతే!" అప్పుడు ఆమెకు ఆ లావు ప్రశ్న గుర్తొచ్చింది. ఎవరీ కుట్టుపని మనిషి! ఒళ్ళు భగ్గుమంది. "చూశావా? సూది పట్టేదానికి కలమెందుకని అడుగుతున్నారు!"

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఉండనే ఉంది. ఇక్కడ అంతకు రెండాకులు ఎక్కువే. ఇంకా పుట్టని కొడుక్కి ఎవరో మర్యాద చెయ్యలేదని ఇద్దరూ కలిసి గంటసేపు తిట్టిపోశారు.

గురువారం మధ్యాహ్నం షాపులో ఉండగా ఫోన్ మోగింది. టెస్ అనే ఆవిడ, ఆ కంపెనీ నుంచే. గొంతు మర్యాదగానే ఉంది.

"మీ స్క్రిప్టు చదివామండీ. మీ దగ్గర ఇంకేమైనా ఉందా?"

"ఉన్నదాని సంగతి ముందు తేల్చండి!" అంది హెర్మీనియా. "కథ కావాలి గానీ కుట్టేది వద్దా? నా గురించి ఆలోచించి ఉద్ధరించక్కర్లేదు. అంత ఆలోచన ఉంటే మీరే రాసుకోండి!"

ఠక్కున పెట్టేసింది. కడుపు చల్లబడింది.

కథ పాసైందని శనివారం క్లాసుకి త్రెస్ లేచెస్ అనే పాల కేకు పట్టుకెళ్ళింది. పాఠం చెప్పే వెండెల్ ప్రూయిట్‌కి డెబ్భై దాటాయి. వయసులో ఉన్నప్పుడు రెండు కథలు అమ్మాడు, అప్పట్నుంచీ అమ్మడం ఎలాగో చెబుతున్నాడు. తొమ్మిదిమంది చప్పట్లు కొట్టారు, కేకు కోశారు. ప్రూయిట్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, ఫోన్‌లో ఫోటో చూసి, నమలడం మానేశాడు.

"ఏంటి మాస్టారూ, తీపి ఎక్కువైందా?"

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "హెర్మీనియా గారూ, ఇది వచ్చే వారం పాఠం. ముందే చెప్పాల్సింది, నాదే తప్పు. ఈ ఊళ్ళో సినిమావాళ్ళు పాస్ అంటే వద్దు అని."

"వద్దా?"

"వద్దు. పేకాటలో ముక్క అక్కర్లేకపోతే పాస్ అంటాం చూడండి, అలా."

హెర్మీనియా నెత్తిన పిడుగు పడ్డట్టు నిలబడిపోయింది. చేతిలో కేకు కోసే కత్తి అలాగే ఉంది. ఎనిమిది నెలలు, ఉన్న కాస్త చూపూ దానికే ధారపోసింది. పైగా నలుగురి ముందు కేకు!

"ఆగండి, అసలు సంగతి వినండి," అన్నాడు ప్రూయిట్. ఆయన గొంతు మారింది. "కన్సిడర్ అన్నది చూశారా? అది మంచి మాట. నలభై ఏళ్ళలో నాకు రెండంటే రెండుసార్లు పడింది. కథ వద్దు గానీ ఈ మనిషిని వదలొద్దు అని దానర్థం." చిన్న అక్షరాలు పెద్దగా చదివాడు. "'ఇందులో అందరూ బొమ్మలే. ప్రాణమున్నది ఒక్కరికే. మూడో సీనులో పెళ్ళి గౌను కుట్టే ఆమె, అంచు లోపల నా పేరుంది అని ఒక్క మాట అనేసి వెళ్ళిపోతుంది. చదివేవాడి మనసు ఆమె వెంటే పోతుంది. ఎవరీ కుట్టుపని మనిషి?'"

హెర్మీనియా కత్తి బల్ల మీద పెట్టేసింది. కథంతా కల్పించింది గానీ ఆ ఒక్క మాట మాత్రం నిజం. ఇరవై ఆరేళ్ళుగా తను కుట్టిన ప్రతి బట్ట అంచు లోపలా ఎర్రదారంతో చిన్న 'హె' కుట్టేది. ఎన్నో తెరల మీద తన పేరు నడిచింది, ఎవరికీ కనబడకుండా.

"వాళ్ళు ఫోన్ చేస్తారు," అన్నాడు ప్రూయిట్ ఉత్సాహంగా. "ఇంకేమైనా ఉందా అని అడుగుతారు. అడిగినప్పుడు మాత్రం..." ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "చేశారా?"

"చేశారు."

"ఏమన్నారు మీరు?"

"మీరే రాసుకోండన్నా," అంది. చెప్పి, రెండు చేతులతో మొహం కప్పుకుంది. చేతికందిన కూడు తనే తన్నేసుకుంది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ప్రూయిట్ ఆమెను వరండాలోకి నెట్టినంత పని చేశాడు. సెలవు రోజని కూడా చూడకుండా అక్కడే నిలబడి టెస్‌కి ఫోన్ చేసింది. పాస్ సంగతి, కేకు సంగతి, ఒఫెలియా పేరు ఒక్కటి దాచి మిగతా అన్నీ చెప్పేసింది.

"మంగళవారం పదకొండింటికి రండి," అంది టెస్ చివరికి. "ఆ గౌను కుట్టే ఆమె కథ చెప్పండి. నచ్చకపోతే నచ్చలేదనే చెబుతాను, సరేనా?"

మంగళవారం హెర్మీనియా గంట ముందే వెళ్ళింది. ఒఫెలియా తుడిచిన నేల మీద తన చెప్పుల మరక పడుతుందేమోనని కుర్చీ అంచున కూర్చుంది. ఈ తలుపు మూసుకుంటే మళ్ళీ ఎవరూ తియ్యరని ఆమెకు తెలుసు. పదకొండుకి లోపలి గది తలుపు తెరుచుకుంది. గుమ్మం దగ్గర బల్ల ముందు కూర్చునే అమ్మాయి తల బయటపెట్టి నవ్వింది.

"పాసె, సెన్యోరా."

హెర్మీనియా చెవికి అది వద్దన్నట్టే వినబడింది. పాస్! నోరు విప్పకముందే! ఒక్క మాటైనా వినకుండానే! సంచీ భుజాన వేసుకుంది, తల వంచుకుంది, వచ్చిన దారినే బయటి తలుపు వైపు నడిచింది. చెయ్యి పిడి మీద వేసేసింది కూడా.

"అయ్యో, ఎక్కడికండీ?" ఆ అమ్మాయి వెనకాలే పరిగెత్తుకొచ్చింది. మాటలో ప్వెబ్లా యాస. "లోపలికి రమ్మంటే బయటికెళ్తారేంటి? మీ ఇంట్లో పాసె అంటే అర్థం వేరా ఏంటి?"

హెర్మీనియా పిడి మీద చెయ్యి తియ్యకుండా ఆ అమ్మాయి మొహంలోకి చూసింది. మెల్లిగా ఊపిరి వదిలింది.

"లేదమ్మా," అంది. "మా ఇంట్లోనూ అదే."

సంచీలోంచి ఎర్రదారం ఉండ తీసి గుప్పిట్లో పెట్టుకుని లోపలికి నడిచింది.