మోగనన్న గంట

నేను ఒక ఇత్తడి గంటను. గుడిగంటను కాను, దణ్ణాలు పెట్టకండి. బల్ల మీద కూర్చుంటాను, నెత్తిన ఒకటి కొడితే టింగుమంటాను. మొదట ఓ డాక్టరు గారి దగ్గర రోగుల్ని పిలిచాను. ఆయన పోయాక శ్రీకాకుళం జిల్లాలో, సముద్రపు ఒడ్డున ఓ చిన్న గ్రంథాలయానికి చేరాను. అక్కడ చర్చల్లో పెద్దమనుషుల నోళ్లు మూయించడం నా ఉద్యోగం. ఎప్పుడైనా మూశారా? లేదు.

ఆ ఆదివారం చర్చ, ‘పొరుగు దేశంతో సమరమా, సంధా?’ నెగ్గిన పక్షం మాటను తీర్మానంగా రాసి ఎంపీ గారికి పంపాలి. బ్యానర్ చూడగానే అధ్యక్షుడు సన్యాసిరావు మాస్టారు, “సంధా కాదు, సంధియా అనాలి” అన్నారు. సమరం పక్షాన మాట్లాడబోయే కూర్మనాథం గారు ఒప్పుకోలేదు. ఇరవై నిమిషాలు కొట్టుకున్నారు. ఒక్క అక్షరం దగ్గర రాజీపడనివాళ్లు రెండు దేశాలకు దారి చూపిస్తారట! అంతసేపూ నన్నెవరూ ముట్టుకోలేదు.

తర్వాత కూర్మనాథం గారు లేచారు. “మన జవాన్లని చంపినోళ్లతో మాటలేటి? వాళ్ల రేవు పట్నం మీద బాంబులెయ్యాల! దెబ్బ తగిల్తేనే దారికొస్తారు!” చప్పట్లు మోగాయి. ఆ మాట నేను కాదనలేను, నేనూ దెబ్బ తగిలితేనే పలికేదాన్ని.

అప్పుడు వెనక నుంచి నూకమ్మ లేచింది. పడమటి తీరంలో బోటు పనికెళ్లిన ఆమె మొగుడు ఎర్రయ్యను, సరిహద్దు దాటాడని పొరుగు దేశం వాళ్లు పట్టుకుని పదకొండు నెలలైంది. వక్తల జాబితాలో పేరు లేదని ఆమెకు ఒక్క నిమిషమే ఇచ్చారు.

“బాబూ, మీరు బాంబులెయ్యమంతన్న ఊరి జైల్లోనే మా ఆయినున్నాడు. సేపల ఎనక ఎల్లినోడికి నీల్ల మీద గీత అగుపడతాదేటి?”

నిమిషం అయిపోయిందని మాస్టారు నన్ను నొక్కారు. నేను పలకలేదు. మళ్లీ నొక్కారు, గుద్దారు. ఉప్పుగాలికి తుప్పు పట్టిందన్నారు. అబద్ధం! నేనే మోగనన్నాను.

“ముందు మాటాడి మావోల్లని ఒగ్గించండి. ఇప్పుడు బాంబేస్తే సత్తేది ఎవులు?” అంది నూకమ్మ, తాపీగా. మాస్టారు చేతులెత్తమన్నారు. రెండు చేతుల తేడాతో సంధి పక్షం నెగ్గింది. మాస్టారు తీర్మానం రాశారు, ‘సంధియే’ అని తన పద్ధతిలోనే.

ఎర్రయ్య ఇంకా రాలేదు. ప్రతి సోమవారం నూకమ్మ వచ్చి, “జవాబొచ్చిందేటి మాస్టారూ?” అని అడిగేది. పని చెయ్యని గంటనని నన్ను పాత సామాన్లవాడికి ఇచ్చేసేదాకా ఆ మాట విన్నాను.

ఇప్పుడు తుక్కు బస్తాలో ఉన్నాను. ఇత్తడి కరిగించి తూటాల తొడుగులు కూడా చేస్తారట. చేసుకోండి. మాస్టారి వేలికే మోగనిదాన్ని, మీ తుపాకీలో పేలతానా?