ఏడు ఊపిరులు

శనివారం ఉదయం తలుపు పిడికి వేలాడుతున్న చెక్కపలకను చూడగానే, ఈ వారం మెట్లు ఊడ్చే వంతు తమదేనని ఉల్రీకెకు జ్ఞాపకం వచ్చింది. నాలుగు కుటుంబాలు కాపురముండే ఆ ఇంట్లో పలక ఏ వాకిట వేలాడితే ఆ వాకిలివారు వారం పొడుగునా మెట్లూ, నడవా, వీధివైపు కాలిబాటా అద్దంలా ఉంచాలి. నెక్కర్ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో ఇది తాతలనాటి కట్టడి. పలక కుటుంబం పేరిట వస్తుంది. చీపురు మాత్రం పదమూడేళ్ళుగా ఒకే చేతిలోకి వస్తోంది.

"మూలలు, అమ్మాయ్, మూలలు!" కింది వాటా తలుపు ఓరగా తెరిచి అత్తగారు హన్నెలోరె హెచ్చరించింది. "మధ్యలో ఊడిస్తే ఊరందరికీ కనిపిస్తుంది. మూలల్లో ఊడిస్తే నాకు కనిపిస్తుంది."

"చూస్తున్నాను అత్తయ్యా."

ఇంతలో పైనుంచి భర్త యోఖెన్ కేక వేశాడు. "ఉల్రీకె! ఫ్రీడా ఈతబట్టలు ఎక్కడున్నాయి?"

"రెండో సొరుగు. ఎడమవైపు. నీలం తువ్వాలు కింద." వంచిన నడుము ఎత్తకుండానే జవాబిచ్చింది. ఇచ్చాక చీపురు ఆపి నిలుచుండిపోయింది. మళ్ళీ అదే తప్పు. ఏడాదిన్నరగా ఉపాధ్యాయ శిక్షణలో ఐజెలె గారు నేర్పుతున్నది జవాబు చెప్పకముందు ఆగమని. తాను చెప్పేసిన తరువాత ఆగుతోంది.

ఉల్రీకెకు నలభై ఒకటో ఏడు. యంత్రశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, నదికి ఆవలి ఒడ్డున గేర్లు తయారుచేసే కర్మాగారంలో ఆరేళ్ళు నమూనాలు గీసింది. కూతురు ఫ్రీడా పుట్టాక సగం రోజు ఉద్యోగానికి మారింది. మారిననాటినుంచి గేర్లు వేరేవారి బల్లలమీదికీ, వాటి కాగితాలు ఆమె బల్లమీదికీ చేరాయి. ఆమె దగ్గర పని నేర్చుకున్న కుర్రవాడే రెండేళ్ళలో ఆమెకు పైఅధికారి అయ్యాడు. అతడు చెడ్డవాడు కాడు. ఎవరు ఏ సందేహం అడిగినా, "ఉల్రీకెను అడగండి, ఆమెకు అన్నీ తెలుసు," అని నవ్వుతూ చెప్పేవాడు. సమావేశమైతే, "నువ్వైతే చక్కగా రాస్తావు," అని వివరాలు రాసుకునే పుస్తకం ఆమె ముందుకు జరిపేవాడు. అన్నీ తెలిసిన మనిషి అందరికీ కావలసినదవుతుంది గాని, ఎవరి దృష్టిలోనూ పెద్దది కాదని ఉల్రీకెకు అక్కడే బోధపడింది. వృత్తి పాఠశాలలకు ఉపాధ్యాయులు చాలక, ఇంజనీర్లు ముందుకు వస్తే ఏడాదిన్నర శిక్షణ ఇచ్చి తీసుకుంటామని ప్రభుత్వం ప్రకటించినప్పుడు, ఆ ప్రకటనను కత్తిరించి వంటగది తలుపు లోపలివైపు అంటించుకుంది. నెల రోజులు కూరలు తరుగుతూ దానినే చదివింది.

యోఖెన్ సంతోషించాడు. "మంచి ఆలోచన! సెలవులు పిల్లతోపాటే వస్తాయి. సగం ఉద్యోగం తీసుకో, మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటావు." హన్నెలోరె మాత్రం కాఫీ కలుపుతూ, ఎవరితోనో అన్నట్టు, "మా రోజుల్లో పిల్లల్ని వదిలేసి తిరిగేవాళ్ళని బొంతకాకి తల్లులనేవాళ్ళం. గూట్లోంచి పిల్లల్ని తోసేస్తుందట కదా అది," అని, వెంటనే, "నిన్ను కాదులే అమ్మాయ్," అని చేర్చింది.

మొదటి పాఠం నాడు తరగతి వెనుక వరుసలో శిక్షకురాలు ఐజెలె గారు కూర్చున్నారు. తెల్లజుట్టు, మడత నలగని కోటు, మోకాలిమీద చిన్న పుస్తకం. ఉల్రీకె నల్లబల్లమీద బొమ్మ గీసింది, ప్రశ్నలు వేసింది, వివరించింది, చెమటలు కక్కింది. గంట మోగాక ఐజెలె గారు నెమ్మదిగా పుస్తకం విప్పారు.

"నలభై అయిదు నిమిషాల్లో ముప్పై ఒక్క ప్రశ్నలు అడిగారు. ముప్పై ఒక్కటికీ మీరే జవాబు చెప్పారు. చాలా బాగా చెప్పారు. పిల్లలు ఏం చేశారో చూశారా?"

"రాసుకున్నారు."

"మిమ్మల్ని చూస్తూ కూర్చున్నారు. సినిమా చూసినట్టు." ఆవిడ నవ్వారు. "ఇంజనీర్లందరికీ ఉన్న జబ్బే ఇది. ఏదైనా ఆగిపోయి కనిపిస్తే మీ చేతులు ఊరుకోవు. ఇక్కడ చెయ్యాల్సింది మరమ్మతు కాదు. ప్రశ్న అడగండి. తర్వాత ఏడు ఊపిరులు తీసుకోండి. నోరు తెరవొద్దు, దగ్గొద్దు, సుద్దముక్క సర్దొద్దు. ఏడు ఊపిరులు."

"ఏడు చాలా ఎక్కువండీ."

"మీకే ఎక్కువ. వాళ్ళకి చాలా తక్కువ." బయలుదేరుతూ గుమ్మం దగ్గర ఆగి, "ఇంట్లోనూ ఇంతేనా?" అని అడిగారు.

ఉల్రీకె నవ్వేసింది. ఆ నవ్వు బస్సు దిగేదాకా కూడా నిలవలేదు.

తొలినాళ్ళలో ఆ మౌనం కాలే పెనం మీద చెయ్యి పెట్టినట్టుండేది. మూడో ఊపిరికే పెదవులు విడిపోయేవి. కొన్ని వారాలకు అయిదు దాకా రాగలిగింది. శీతకాలం మొదలయ్యే వేళకు ఏడు పూర్తయ్యాయి. అప్పుడు ఆమెకు ఎవరూ చెప్పని ఒక సంగతి తెలిసింది. ఆ ఏడు ఊపిరుల నడుమ ఒక చోటు ఉంది. అక్కడ ఎవరికీ ఆమెతో పని లేదు. కిటికీ అవతల నది మీది పొగమంచు తెరలు తెరలుగా లేచేది. లేత్ యంత్రం మీదనుంచి జారే ఇనుప తురుము నీలమూ బంగారమూ కలిసిన చుట్టలుగా ఆమె కన్నుల ముందు తిరిగేది. ఎక్కడో కొండమీది పల్లెలో అమ్మ చెక్కపలక మీద పిండి పరిచి, కత్తితో సన్నగా గీకుతూ మరిగే నీళ్ళలోకి జార్చేది. చిన్నారి ఉల్రీకె గరిటె పుచ్చుకుని కలపబోతే, "కదపకే తల్లీ. ముందు మునుగుతుంది. ఉడికితే అదే తేలుతుంది," అనేది. ఆదివారం గుడిలో పాస్టరు చెప్పిన కథ కూడా ఆ చోటులోనే వినిపించేది. గుహవాకిట నిలిచిన ప్రవక్తకు పెనుగాలిలో దేవుడు లేడు, భూకంపంలో లేడు, అగ్నిలో లేడు. అన్నీ అణగిపోయాక మిగిలిన సన్నని నిశ్శబ్దంలో ఉన్నాడు. ఆ కథ ఎన్నిసార్లు విన్నా అది ప్రవక్తలకోసం చెప్పిందనే ఆమె అనుకున్నది. తనకూ ఆ నిశ్శబ్దంలో వాటా ఉందని ఇన్నేళ్ళూ తోచలేదు. పదేళ్ళలో, ఎవరో వచ్చి ఏదో ఎక్కడుందని అడగకుండా, వరుసగా ఏడు ఊపిరులు తాను ఎప్పుడు తీసుకుంది? జ్ఞాపకాల్లో వెతికింది. ప్రసవపు గదిలో కూడా యోఖెన్ ఆరోగ్య బీమా కార్డు ఎక్కడ పెట్టావని అడిగాడు. సంచి లోపలి జేబులో అని నొప్పుల నడుమనే చెప్పింది.

అతడు పని తప్పించుకునే మనిషి కాడు. "నేను చెయ్యనన్నానా? ఏం చెయ్యాలో చెప్పు, చేస్తాను," అంటాడు, నిజంగానే చేస్తాడు. చెప్పడమే ఒక పని అని, తెలుసుకుని ఉండడం అన్నిటికన్నా పెద్ద పని అని, దానికి ఆదివారం లేదని, ఆ మాటను ఏ భాషలో చెబితే అతనికి అందుతుందో ఆమెకు తెలియలేదు. చెబితే అదీ మరొక జవాబే అవుతుంది.

శిక్షణ చివరికి వచ్చింది. గురువారం పరీక్షాపాఠం. దానితోపాటు పాఠశాల నుంచి ఒక కాగితం వచ్చింది. ఉత్తీర్ణులైతే పూర్తి ఉద్యోగమా, సగమా, ఒక గడిలో గుర్తు పెట్టి శుక్రవారంలోగా పంపాలి. పూర్తి ఉద్యోగమైతే మొదటి సంవత్సరపు పిల్లల తరగతి ఒకటి ఆమెకే అప్పగిస్తారు. సన్నని కొలతలు తీసే మైక్రోమీటరు పట్టుకోవడం రాని చేతులను, మూడేళ్ళ తరువాత పనిమంతుల చేతులుగా సాగనంపే దాకా ఆ తరగతి ఆమెది. సగం ఉద్యోగస్థులకు తరగతి ఉండదు. ఎవరు రాకపోతే వారి బదులు వెళ్ళడమే. ఉల్రీకె ఆ తరగతిని కోరుకుంది. తనకోసం ఏదైనా కోరుకుని ఎన్నాళ్ళయిందో, ఆ కోరిక రుచే కొత్తగా ఉంది.

యోఖెన్ కాగితం చూసి, "సగం దగ్గర గుర్తు పెట్టి పంపెయ్. అమ్మకి చెప్పేశాను కూడా," అని ఆపిల్ కొరికాడు. ఉల్రీకె మాట్లాడలేదు. కాగితం పండ్లబుట్ట కిందికి చేరింది. ఆ మౌనాన్ని అతడు సమ్మతిగా తీసుకున్నాడు. తన మౌనాన్ని ఇంట్లో ఎప్పుడూ అలాగే తీసుకున్నారని, తరగతిలో మాత్రమే అది ప్రశ్నగా నిలుస్తోందని ఆమెకు అప్పుడు తట్టింది.

గురువారం. వెనుక వరుసలో ఐజెలె గారు, ఆవిడకు అటూ ఇటూ ఇద్దరు పరీక్షకులు. ఉల్రీకె బల్లమీద ఒక ఉక్కు ఇరుసునూ, దాని పక్కన బేరింగునూ ఉంచింది.

"నిన్న సాయంత్రం లేత్ మీదినుంచి తీయగానే కొలిస్తే ఈ ఇరుసు కొలత సరిగ్గా ఉంది. ఈ ఉదయం చూస్తే బేరింగులో వదులుగా ఆడుతోంది. మధ్యలో ఎవరూ ముట్టుకోలేదు. ఏం జరిగింది?"

మూడో ఊపిరికి ఒక పరీక్షకుడు గడియారం చూశాడు. అయిదో ఊపిరికి ముందు వరుసలో ఒకడు, "మైక్రోమీటరు తాగి ఉంటుంది మేడమ్," అన్నాడు. నవ్వులు లేచి అణిగాయి. ఏడు అయిపోయాయి. ఉల్రీకె కదలలేదు. నీళ్ళు మరుగుతున్నాయి, పిండి మునిగింది, అమ్మ గరిటెను చేతిలోంచి మెల్లగా తీసుకుంటోంది. ఎనిమిది, తొమ్మిది. పొగమంచులో ఆవలి ఒడ్డు లేనట్టే ఉంది గాని, ఉంది.

కిటికీ దగ్గర కూర్చునే ఎలీఫ్ చెయ్యి ఎత్తలేదు. ఏడాదిగా ఆ తరగతిలో గొంతు విప్పని పిల్ల. బల్లవైపే చూస్తూ తనలో తాను అనుకున్నట్టు అంది. "వేడిగా ఉండగా కొలిచారు."

ఉల్రీకె తల ఊపింది, అంతే.

"లేత్ మీద ఉక్కు వేడెక్కి ఉబ్బుతుంది కదా. అప్పుడు కొలిస్తే సరిపోయినట్టే ఉంటుంది. తెల్లారేసరికి చల్లారి అసలు కొలతకి వచ్చేస్తుంది." ఎలీఫ్ గొంతు పెరిగింది. "ఇరుసు తప్పేం లేదు మేడమ్. కొలిచినవాళ్ళు ఆగలేదు."

తరగతి ఒక్కసారి కదిలింది. ఎంత వేడికి ఎంత ఉబ్బుతుంది, ఎంతసేపు ఆగాలి, ఏ చోట చల్లార్చాలి అని ఒకరి మాట మీద ఒకరు పడ్డారు. ఉల్రీకె గోడకు ఆనుకుని వింటూ ఉండిపోయింది. పెళ్ళి, బిడ్డ, సగం రోజు, తలుపు మీది పలక. అన్నిటికీ తనను వేడిమీదనే కొలిచారు. తానూ ఆ కొలతకు సరేనంది. చల్లారాక తన అసలు కొలత ఎంతో ఎవరూ చూడలేదు.

గంట మోగాక ఐజెలె గారు వచ్చి ఉత్తీర్ణత ప్రకటించి, చెయ్యి కలిపి, ఆ చెయ్యి వదలకుండా, "పదకొండు ఊపిరులు. నేను కూడా అన్ని తీసుకోలేను," అన్నారు.

నాలుగు గంటలకు ఇంట్లో కాఫీ బల్ల చుట్టూ అందరూ చేరారు. హన్నెలోరె ఆపిల్ కేకు తెచ్చి మధ్యలో పెట్టింది.

"సగం ఉద్యోగమైతేనేం, కేకు మాత్రం పూర్తిగానే చేశాను."

"థాంక్స్ అత్తయ్యా. చాలా బాగుంది." నిజంగానే బాగుంది. ఆవిడ తెల్లవారుఝామున లేచి ఆపిళ్ళు తరిగి ఉంటుందని, ఎవరూ చెప్పమనకుండా అన్నీ తెలుసుకుని ఉండే మరో మనిషి ఆవిడేనని ఉల్రీకెకు తోచి మనసు మెత్తబడింది.

"అవునూ, ఆ కాగితం పంపేశావా?" యోఖెన్ అడిగాడు. "ఎక్కడ పెట్టావ్?"

ఉల్రీకె పండ్లబుట్ట ఎత్తి కాగితం తీసింది. బల్లమీద పరిచి, వాళ్ళందరూ చూస్తుండగా, పూర్తి అన్న గడిలో గుర్తు పెట్టి సంతకం చేసింది. కలం మూతపెట్టి పక్కన ఉంచింది.

"అమ్మాయ్!" హన్నెలోరె చేతిలో చెంచా ఆగిపోయింది.

"ఫ్రీడా పన్నెండున్నరకి బడినుంచి వస్తుంది, యోఖెన్," ఉల్రీకె ప్రశాంతంగా అంది. "వచ్చే నెలనుంచి నేను నాలుగింటికి వస్తాను. ఆ మధ్యలో ఎలా?"

అని ఊరుకుంది.

యోఖెన్ నవ్వబోయి మానాడు. "అంటే... నువ్వేం అనుకున్నావ్?" ఆమె పలకలేదు. "సరే, ఏం చెయ్యాలో చెప్పు, చేస్తాను." ఆమె అతని ముఖంలోకి ప్రేమగానే చూస్తోంది. మూడు. హన్నెలోరె నోరు తెరిచి కోడలినీ, కొడుకునూ మార్చి మార్చి చూసి, ఏమనుకుందో ఏమో, మూసుకుంది. కేకు మీది చక్కెరపొడి కిటికీ వెలుతురులో మెరుస్తోంది. అయిదు. బయట నది మీద పొగమంచు మెల్లగా విడుతోంది.

పదేళ్ళ ఫ్రీడా కేకు నములుతూ తలెత్తింది. "నాన్నా, అమ్మ నిన్నే అడిగింది."

ఏడో ఊపిరి ముగిసింది. యోఖెన్ భార్య ముఖంలో జవాబు వెతకడం మొట్టమొదటిసారి మానేసి కన్నులు దించుకున్నాడు. అతని నొసటి ముడతల కింద, చాలా లోతునుంచి, ఏదో కదిలినట్టుంది.

ఉల్రీకె ఎనిమిదో ఊపిరి తీసుకుంది.